తుక్కు వేలం నుంచి పారిస్ గ్యాలరీకి: ఫ్రెంచి పారిశ్రామిక ఫర్నిచర్, చండీగఢ్ కుర్చీ

లక్ష్మీ నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి వికాస్ మార్గ్ వెంట నడిచే పాఠకులకు కోచింగ్ సెంటర్ల బోర్డులు, పుస్తకాల దుకాణాలు, టీ కొట్లు తప్ప మరేమీ కనిపించకపోవచ్చు. కానీ ఈసారి ఏదైనా కాఫీ దుకాణంలో రంగు వేసిన రేకు కుర్చీ కనబడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. కూర్చునే చోట చిన్న చిన్న రంధ్రాలు, కిందికి వెళ్లే కొద్దీ బయటికి వాలిన కాళ్లు, ఒకదాని మీద ఒకటి పేర్చడానికి వీలైన ఆకారం ఉంటాయి. ఇప్పుడు ఈ నమూనాను ఎవరెవరో, ఎక్కడెక్కడో తయారు చేస్తున్నారు. దీని పుట్టిల్లు మాత్రం ఫ్రాన్సులో బుర్గుండీ ప్రాంతంలోని ఓతాఁ అనే చిన్న పట్టణం.

అక్కడ గ్జేవియే పోషార్ అనే రేకు పనివాడు ఉండేవాడు. ఇనుప రేకును కరిగిన జింకులో ముంచితే తుప్పు పట్టదన్న సంగతిని ఆయన గృహోపకరణాలకు, ఆ తరువాత ఫర్నిచర్‌కు వాడుకున్నాడు. 1927లో 'టోలిక్స్' అన్న పేరును వ్యాపార చిహ్నంగా నమోదు చేశాడు. ఫ్రెంచి భాషలో 'తోల్' అంటే రేకు, పేరు అందులోంచే వచ్చింది. 1930లలో వచ్చిన ఆయన 'ఎ' నమూనా కుర్చీ కర్మాగారాలకు, ఆసుపత్రులకు, ఆరుబయటి కాఫీ శాలలకు చేరింది. సీటులోని రంధ్రాలు అందం కోసం పెట్టినవి కావు. వాన నీరు నిలవకుండా కారిపోవడానికి పెట్టినవి. ఈ ఫర్నిచర్ చరిత్రనంతా అర్థం చేసుకోవడానికి ఇదొక మంచి తాళంచెవి. ఇందులో ప్రతి వంపుకూ, ప్రతి రంధ్రానికీ ఒక పని ఉంటుంది.

మనం 'కుర్చీ' అంటున్న మాట కూడా అరబ్బీ నుంచి ప్రయాణం చేసి వచ్చినదే. పీట, మంచం, చాప మన ఇళ్లలో అనాదిగా ఉన్నాయి. ఎత్తు మీద కూర్చుని రాసుకునే అలవాటును మన సామాన్య జనానికి ఎక్కువగా నేర్పినవి కచేరీలు, బడులు. అందువల్ల ఇరవయ్యో శతాబ్దపు కుర్చీ చరిత్ర చాలా వరకు ఆఫీసు చరిత్రే, బడి చరిత్రే. రాజుల సింహాసనాల సంగతి వేరు.

రేకును మడత పెట్టిన మనిషి

సేకరణదారుల లోకంలో అన్నిటికంటే పెద్ద పేరు జాఁ ప్రూవేది. ఆయన 1901లో పుట్టాడు. తండ్రి చిత్రకారుడు. కొడుకు మాత్రం కమ్మరి పని నేర్చుకుని నాన్సీ పట్టణంలో వర్క్‌షాపు పెట్టాడు. ఇనుమును పోత పోయడం, సాగగొట్టడం అందరూ చేసేవారు. ప్రూవే పలచని ఉక్కు రేకును యంత్రం మీద మడిచి బోలు కాళ్లు తయారు చేశాడు. కాగితం తేలికగా వంగుతుంది, కానీ దాన్ని మడిచి నిలబెడితే బరువు మోస్తుంది. అదే సూత్రం.

ఆయన 1934 నాటి కుర్చీని తీసుకోండి. మనం కుర్చీలో వెనక్కి వాలినప్పుడు మన బరువు ఎక్కువగా వెనుక కాళ్ల మీద, అందులోనూ సీటు కలిసే చోట పడుతుంది. అందుకని ముందు కాళ్లను మామూలు ఉక్కు గొట్టాలతోనూ, వెనుక కాళ్లను మడిచిన రేకుతోనూ చేసి, బరువు పడే చోట వెడల్పుగా ఉంచాడు. పక్కనుంచి చూస్తే ఆ కాలు మధ్యలో ఉబ్బిన త్రికోణంలా ఉంటుంది. యుద్ధకాలంలో లోహం దొరకక ఇదే కుర్చీని పూర్తిగా చెక్కతో చేయవలసి వచ్చింది. ఈ చిన్న సంగతిని గుర్తుపెట్టుకోండి, మన దేశంలో కూడా దాదాపు ఇదే జరిగింది.

1947లో ప్రూవే నాన్సీ పక్కన మాక్సేవిల్‌లో పెద్ద కర్మాగారం నెలకొల్పాడు. బడి బల్లలు, విద్యార్థి వసతి గృహాల మంచాలు, ఆఫీసు మేజాలు అక్కడ తయారయ్యేవి. వాటాదారులతో పొసగక 1953లో దాని మీద అధికారం పోగొట్టుకున్నాడు. తన పేరుతో నడిచిన కర్మాగారంలోనే ఆయన మాటకు విలువ లేకపోయింది. ఆ కాలంలోనే లియోఁ పట్టణంలో జాఁ లూయీ దొమెక్ అనే మెకానిక్ తన బల్ల మీదికి సరైన దీపం దొరకక తనే ఒకటి చేసుకున్నాడు. కీళ్ల దగ్గర తీగ నలిగి తెగిపోకుండా, అసలు కీలు గుండా తీగే పోకుండా ఏర్పాటు చేసిన దీపం అది. దాని పేరు 'జీల్దే', ఆయన పేరులోని మొదటి అక్షరాల ఉచ్చారణే ఆ పేరైంది.

వీటిని ఎవరూ దాచుకోవడానికి కొనలేదు. బడులు, కర్మాగారాలు టోకున కొన్నాయి, అరిగేదాకా వాడాయి, ఆ తరువాత బయట పారేశాయి. ఫ్రాన్సులో పాత పరిశ్రమలు మూతపడుతూ వచ్చిన దశాబ్దాలలో ఈ సామానంతా గోదాముల నుంచి రోడ్డు మీద పడింది. పారిస్ శివారులోని సాఁతువాఁ పాత సామాన్ల సంత నుంచి కొందరు వర్తకులు దీన్ని ఏరడం మొదలుపెట్టారు. ఫిలిప్ జూస్, పాట్రిక్ సెగాఁ, ఫ్రాన్స్వా లాఫనూర్, ఎరిక్ తుషలోమ్ ఆ తరానికి చెందినవారు. ఏ వస్తువు ఏ బడి నుంచి వచ్చింది, ఏ సంవత్సరం తయారైంది అని వెతికి, ప్రదర్శనలు పెట్టి, పుస్తకాలు అచ్చు వేశారు. ధరలు వాటంతట అవి పెరగలేదు, చరిత్ర రాసిన తరువాత పెరిగాయి. ఈ వర్తకాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ వరుసను మరిచిపోకూడదు.

చండీగఢ్‌కు వచ్చిన బంధువు

ఇక మన దేశం సంగతికి వద్దాం. లక్ష్మీ నగర్ నుంచి ఉత్తరంగా సుమారు 250 కిలోమీటర్లు ప్రయాణిస్తే చండీగఢ్ వస్తుంది. 1947లో దేశ విభజనతో లాహోర్ పాకిస్తాన్‌కు పోయింది, పంజాబుకు రాజధాని లేకుండా పోయింది. కొత్త నగరం పని మొదట ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నొవిట్స్కీల చేతిలో ఉండేది. 1950లో నొవిట్స్కీ విమాన ప్రమాదంలో మరణించడంతో ఆ బాధ్యత ల కోర్బూజియే వద్దకు వెళ్లింది. ఆయన ఏడాదిలో కొద్ది వారాలే వచ్చి వెళ్లేవాడు. ఇక్కడే ఉండి పని నడిపించినవాడు ఆయన దగ్గరి బంధువు పియేర్ జానెరె.

జానెరె పుట్టింది 1896లో, స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో. పని చేసింది పారిస్‌లో. యుద్ధకాలంలో ఆయన ప్రూవేతో కలిసి విడదీసి మళ్లీ బిగించుకోగల ఇళ్ల మీద పని చేశాడు. కాబట్టి ఫ్రెంచి కర్మాగారపు ఆలోచనకూ, పంజాబు వడ్రంగి కొట్టానికీ మధ్య వంతెన ఈయనే. 1951లో చండీగఢ్ వచ్చి 1965 దాకా ఉండిపోయాడు.

కొత్త నగరానికి సచివాలయం, హైకోర్టు, శాసనసభ, విశ్వవిద్యాలయం కట్టారు. మరి వీటిలో కూర్చోవడానికి వేల కుర్చీలు, బల్లలు, అలమరాలు కావాలి. అప్పట్లో ఉక్కుకు దేశమంతా కరువు. టేకు, షీషం కలప, పేము దొరుకుతాయి, వడ్రంగులు ఉన్నారు. టేకుకు చెద భయం తక్కువ, తేమకు తట్టుకుంటుంది. పేము అల్లిక గాలిని ఆడనిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఆఫీసులో కూర్చున్నవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. అందుకే ప్రూవే రేకుతో సాధించిన పనిని ఇక్కడ కలపతో సాధించారు. పక్కనుంచి చూస్తే తలకిందులైన 'వి' ఆకారంలో, వృత్తలేఖిని కాళ్లలా విడిపోయే కాళ్లు, వాటి మీద ఆనిన చేతులు, పేము వీపు కలిస్తే అదే ఈనాడు ప్రపంచమంతా 'చండీగఢ్ కుర్చీ' అని పిలుస్తున్న నమూనా.

ఇక్కడ రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది, ఇవి ఒకే కర్మాగారంలో అచ్చు పోసినట్టు తయారైనవి కావు. గీసిన పటాలను వేర్వేరు వర్క్‌షాపులకు ఇచ్చారు. ఒక కొట్టంలో కాలు కొంచెం మందంగా, మరో కొట్టంలో కొంచెం పలచగా వచ్చింది. రెండవది, జానెరె ఒక్కడే అన్నీ గీయలేదు. ఆయన బృందంలో యూలీ చౌదరి వంటి భారతీయ వాస్తుశిల్పులు ఉన్నారు, ఫర్నిచర్ రూపకల్పనలో ఆమె పాత్ర ఉంది. వేలం పుస్తకాలలో మాత్రం చాలాసార్లు ఒక్క ఫ్రెంచి పేరే పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. ఇక పటం చూసి రంపం పట్టిన వడ్రంగుల పేర్లు వెతికినా దొరకవు. వాళ్ల సంతకమని చెప్పదగినది కుర్చీ కీళ్లలోనే ఉంది.

రంగుతో రాసిన అంకె

ప్రభుత్వ ఆఫీసులో పని చేసినవారికి స్టాక్ రిజిస్టర్ అంటే ఏమిటో తెలుసు. ప్రతి కుర్చీకీ, ప్రతి బల్లకూ ఒక సంఖ్య ఉంటుంది. ఏటా లెక్క చూస్తారు. వస్తువు మారిపోకుండా ఆ సంఖ్యను, ఆఫీసు పేరులోని అక్షరాలను కుర్చీ వెనుక రంగుతో రాస్తారు. చండీగఢ్‌లో కూడా ఏ గుమాస్తానో, ఏ పెయింటరో ఆ పని చేశారు. అందమైన టేకు మీద ముద్దగా రాసిన అక్షరాలు అవి.

అరవై ఏళ్ల తరువాత ఆ అక్షరాలే కుర్చీకి జాతకం అయ్యాయి. జానెరె సంతకం ఎక్కడా లేదు, కర్మాగారం ముద్ర లేదు. ఇది హైకోర్టుదా, గ్రంథాలయానిదా, విశ్వవిద్యాలయానిదా అని చెప్పగలిగేది ఆ రంగు గీతలే. పారిస్‌లో కుర్చీకి మెరుగు పెట్టేటప్పుడు ఆ అంకెను జాగ్రత్తగా వదిలేస్తారు. అది చెరిగిపోతే ధర పడిపోతుంది. మరోవైపు, నకిలీ చేసేవాళ్లు మొట్టమొదట నేర్చుకునేది కూడా ఆ అంకెను రాయడమే.

కుర్చీలు పాతబడ్డాయి. పేము తెగింది, కాలు ఊగింది. కొత్త అధికారులకు కుషన్ ఉన్న తిరిగే కుర్చీలు కావాలి. పాతవి మేడల మీద, మెట్ల కింద, ఆరుబయట గుట్టలుగా పడ్డాయి. ఇక నియమం ప్రకారం కమిటీ వేసి, 'కండెమ్' చేసి, వేలం పెట్టారు. ఇందులో అక్రమం ఏమీ లేదు. ఒక వస్తువు పనికి వస్తుందా రాదా అన్నదే అలాంటి కమిటీ ముందున్న ప్రశ్న. దాని చరిత్ర ఏమిటన్న గడి ఆ ఫారంలో లేదు. కొన్నది చాలావరకు పాత సామాన్ల వ్యాపారులు. కొంత కలప మళ్లీ వాడకానికి పోయింది, కొంత పొయ్యిలోకి పోయింది.

1990ల చివర పారిస్ వర్తకులు చండీగఢ్‌కు వచ్చారు. వాళ్లు ఆ వేలాలలో, ఆ వ్యాపారుల దగ్గర కొన్నారు. ఓడలలో పంపించుకుని, బాగు చేయించి, పుస్తకాలు రాసి, న్యూయార్క్, పారిస్, లండన్ వేలం శాలలలో అమ్మారు. ఇక్కడ కొన్ని వందల రూపాయలకు పోయిన కుర్చీ అక్కడ వేల డాలర్లు పలికింది. మూతలమీద చండీగఢ్ నగర పటం పోత పోసిన మురుగు కాలువ మూతలు కూడా వేలానికి వచ్చాయి.

ఆ వర్తకులలో ఒకరైన తుషలోమే ఆఫ్రికాలో కూడా ఇలాంటి పని చేశాడు. ప్రూవే ఆనాటి ఫ్రెంచి వలసల కోసం అల్యూమినియం ఇళ్లు చేసి 1949లో నీయమేకు, 1951లో బ్రాజవిల్‌కు పంపాడు. వాటిని అక్కడి నుంచి విడదీసి ఫ్రాన్సుకు తెచ్చారు. బ్రాజవిల్ నుంచి తెచ్చిన ఒక ఇల్లు 2007లో న్యూయార్క్‌లో దాదాపు 50 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

దీన్ని దోపిడీ అనాలా? వర్తకులు తమ వాదన తాము చెబుతారు: మీరు పొయ్యిలో పెడుతున్నదాన్ని మేము కాపాడాము, రసీదు ఉంది, డబ్బు కట్టాము. ఈ మాటను తేలికగా కొట్టిపారేయలేం. వాళ్లు రాకపోతే ఈ కుర్చీల పేరు మనలో చాలామంది విని ఉండేవారే కాదు. కానీ ఆ వాదనలో ఒక లోటు ఉంది. అమ్మేవాడికి తెలియని విలువ కొనేవాడికి తెలిసి ఉన్నప్పుడు రసీదు న్యాయాన్ని మొత్తంగా చెప్పదు. ఆ తేడా ఎంతో పారిస్ గ్యాలరీలో రాసి ఉన్న ధరే చెబుతుంది. నా అభిప్రాయంలో ఎక్కువ తప్పు మన వైపుదే. నగరాన్ని చూపించి గర్వపడ్డాం, నగరంలోని బల్లను మాత్రం నగరంలో భాగమని అనుకోలేదు.

చట్టం ఏమంటుంది

మన పురావస్తువుల, కళానిధుల చట్టం 1972 నాటిది. దాని ప్రకారం ఒక వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం 100 ఏళ్లు ఉండాలి. చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. 1955 నాటి కుర్చీ ఈ లెక్కకు 2055లో గానీ పురావస్తువు కాదు. అప్పటిదాకా దాని ఎగుమతిని ఆపడానికి ఆ నిబంధన అక్కరకు రాదు.

అయితే అదే చట్టంలో మరో తలుపు ఉంది. వయసుతో నిమిత్తం లేకుండా, కళావిలువను బట్టి కేంద్ర ప్రభుత్వం ఒక కృతిని 'కళానిధి'గా ప్రకటించవచ్చు. దాన్ని సృష్టించినవారు జీవించి ఉండకూడదన్నది షరతు. రవివర్మ, రవీంద్రనాథ్ టాగూర్, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్ వంటి వారి కృతులకు ఈ రక్షణ లభించింది. ల కోర్బూజియే 1965లో, జానెరె 1967లో మరణించారు కనుక ఆ షరతు ఎప్పుడో తీరింది. కానీ ఆ జాబితాలోకి ఎక్కినవారంతా చిత్రకారులు. గోడకు వేలాడే వస్తువు కళ అనీ, మనం కూర్చునే వస్తువు సామాను అనీ మన మనసులో ఉన్న గీత చట్టం అమలులో కూడా కనిపిస్తుంది.

వయసు లెక్క చేసే హాని ఏమిటో తెలుసుకోవడానికి లక్ష్మీ నగర్ పాఠకులు చండీగఢ్ దాకా వెళ్లనవసరం లేదు. యమున వంతెన దాటి ఐటీవో మీదుగా ప్రగతి మైదాన్ చేరితే చాలు. రాజ్ రేవాల్ రూపకల్పనలో, ఇంజనీరు మహేంద్ర రాజ్ లెక్కలతో 1972లో అక్కడ లేచిన 'హాల్ ఆఫ్ నేషన్స్'ను 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి కూల్చేశారు. వారసత్వ కట్టడంగా గుర్తించడానికి 60 ఏళ్లు నిండాలన్న వాదన దానికి అడ్డుపడింది. ఉక్కు కొరత ఉన్న కాలంలో ఉక్కుకు బదులు కాంక్రీటుతో అల్లిన అంతరిక్ష చట్రం అది. ఉక్కు దొరకక కలపతో చేసిన చండీగఢ్ కుర్చీకి అది అక్క చెల్లెలే అనుకోవచ్చు.

చండీగఢ్ విషయంలో 2011లో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఈ ఫర్నిచర్‌ను అమ్మకూడదని, వేలం వేయకూడదని, ఎగుమతి కానివ్వకూడదని ఆదేశించింది. మిగిలినవాటిని లెక్కిస్తే పన్నెండు వేల పైచిలుకు వస్తువులు తేలాయి. అంతకుముందే దేశం దాటి పోయిన వాటిని తిరిగి అడగడానికి మాత్రం బలమైన ఆధారం లేదు. వాటిని వేలంలో అమ్మింది మన ఆఫీసులే. 2016లో రాజధాని భవన సముదాయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

అమెరికన్ కళాకారిణి ఏమీ సీగల్ 2013లో ఈ కుర్చీల ప్రయాణాన్ని వెనక్కి నడిపిస్తూ ఒక చిత్రం తీసింది. న్యూయార్క్, లండన్ ధనవంతుల ఇళ్లలో మొదలై వేలం శాల, మరమ్మతు గది, ఓడరేవు మీదుగా చండీగఢ్ ఆఫీసులకు చేరుతుంది కథ. మాటలు ఉండవు. చివరికి ఆ చిత్రం ప్రతిని కూడా లండన్‌లో వేలానికే పెట్టింది. విమర్శ కూడా సరుకైపోతుందన్న సంగతిని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

కొనాలనుకునేవారికి, కొనకపోయినా ఉన్నవారికి

ధరలు పెరిగాక నకళ్లు పెరగడం సహజం. ఇటలీకి చెందిన కసీనా సంస్థ, బెంగళూరుకు చెందిన ఫాంటమ్ హ్యాండ్స్ తమ పేరుతోనే ఈ నమూనాలను కొత్తగా తయారు చేస్తున్నాయి. అందులో మోసం లేదు. కొత్త కుర్చీని పాతదని అమ్మినప్పుడే చిక్కు. ఎవరైనా మీకు 'అసలు చండీగఢ్' అని చూపిస్తే, ముందు అంకెను చూడకండి. కుర్చీని తిరగేయండి. చేతులు ఆనే చోట, కాళ్ల అడుగున అరుగుదల సహజంగా, ఎగుడుదిగుడుగా ఉందా? కలప లోపలి వైపు ఎండిన రంగు, బయటి రంగు ఒకటేనా? అన్ని వైపులా ఒకే ముదురు రంగు ఉంటే సందేహించండి. పేము కొత్తదైనంత మాత్రాన కుర్చీ నకిలీ కాదు, వాడిన కుర్చీకి అల్లిక మార్చక తప్పదు. 2011 తరువాత ప్రభుత్వ ఆఫీసు నుంచి బయటికి వచ్చిందని చెప్పే కుర్చీని మాత్రం ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

మన తెలుగు ప్రాంతాల సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో 1942లో మొదలైన ఆల్విన్ మెటల్ వర్క్స్ బస్సుల బాడీలు, రిఫ్రిజిరేటర్లతో పాటు ఉక్కు ఫర్నిచర్ కూడా తయారు చేసింది. ఆ పేరున్న బీరువాలు, రాకులు ఎన్ని ఆఫీసులలో, గ్రంథాలయాలలో నిలబడి ఉన్నాయో మీకు తెలుసు. వాటిని వేలం వేసే ముందు ఎవరైనా ఒక ఫొటో తీస్తున్నారా? పటం ఎవరు గీశారు, ఏ షెడ్డులో తయారైంది అని అప్పటి కార్మికులను అడిగి రాసుకుంటున్నారా? ఈ పనికి డబ్బు పెద్దగా అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, కొంత ఓపిక ఉంటే కళాశాల విద్యార్థులు కూడా చేయగలరు. స్టాక్ రిజిస్టర్ ఎలాగూ ఉంటుంది, దానికి పక్కన మరో గడి గీస్తే సరిపోతుంది.

జానెరె అనారోగ్యంతో 1965లో చండీగఢ్ వదిలి వెళ్లి, రెండేళ్లకు జెనీవాలో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని తెచ్చి సుఖ్నా చెరువులో కలిపారు. సెక్టార్ 5లో ఆయన నివసించిన ఇంటిని 2017లో మ్యూజియంగా తెరిచారు. ఢిల్లీ నుంచి ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికి చూసి రావచ్చు. అక్కడి కుర్చీలను ముందు నుంచి చూసి ఊరుకోకుండా, వీలైతే వెనక్కి వెళ్లి వీపు పలక మీద ఏదైనా అంకె రాసి ఉందేమో చూడండి.